టీచర్ గారిని అడుగుదాం: వేపచెట్టుకు తిండి ఏ దారిన వెళ్తుంది?

వానలు పడి మొక్కలు నాటే రోజులు కదా, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మొక్కల మీదే. పాఠం చివర ఉండే ప్రశ్నలను అలాగే రాసి పంపినవాళ్లకు జవాబు పుస్తకంలోనే దొరుకుతుంది కాబట్టి వాటిని పక్కన పెట్టాను. ఇంటి ముందు, మిద్దె మీద, వంటింట్లో ఏదో చూసి, అనుమానం వచ్చి అడిగినవే ఇక్కడ తీసుకున్నాను. తార్నాక ఉత్తరానికి జవాబు పెద్దదైంది. అక్కడ ఒక చెట్టు ప్రాణం మీదికి వచ్చింది.

టీచర్ గారూ, మొక్కలు తమ ఆహారం తామే తయారుచేసుకుంటాయని పుస్తకంలో ఉంది. మరి మా తాతయ్య గులాబీ కుండీలో పేడ ఎరువు, అప్పుడప్పుడు యూరియా వేస్తారు. అది మొక్కకు అన్నం కాదా?
– 7వ తరగతి విద్యార్థిని, మలక్‌పేట

కాదమ్మా. మొక్కకు అన్నం గాలి నుంచి, నీళ్ల నుంచి వస్తుంది. ఈ మాట నమ్మబుద్ధి కాదని నాకు తెలుసు. అందుకే ఒక పాత ప్రయోగం చెబుతాను.

యాన్ వాన్ హెల్మోంట్ అనే ఆయన ఒక తొట్టిలో బాగా ఆరబెట్టిన మట్టిని తూచి పోశాడు, దాదాపు 90 కిలోలు. అందులో రెండు కిలోల పైచిలుకు బరువున్న విల్లో మొక్క నాటి, అయిదేళ్లపాటు నీళ్లు తప్ప ఇంకేమీ పోయలేదు. తర్వాత పీకి తూస్తే చెట్టు 77 కిలోల దాకా తూగింది. మట్టిని మళ్లీ ఆరబెట్టి తూచాడు. తగ్గింది 60 గ్రాములకు లోపే! ఈ సంగతి ఆయన చనిపోయాక 1648లో అచ్చయింది. చెట్టంతా నీళ్లతోనే తయారైందని ఆయన అనుకున్నాడు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పాత్ర ఏమిటో అప్పటికింకా ఎవరికీ తెలియదు.

ఎండిన కట్టె బరువులో దాదాపు సగం కార్బన్. అదంతా గాలి నుంచి వచ్చిందే. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత? 0.04 శాతం. అంత పలుచగా ఉన్నదాన్ని ఏరి తెచ్చుకుని మీ గులాబీ కొమ్మలు, ముళ్లు, పూలు కట్టుకుంటోంది. ఆకు అడుగున ఎక్కువగా ఉండే పత్రరంధ్రాల గుండా ఆ వాయువు లోపలికి వెళ్తుంది. వేళ్లు తెచ్చిన నీళ్లు ఆకుకు చేరతాయి. ఆకు కణాల్లోని హరితరేణువుల్లో ఉండే పత్రహరితం సూర్యకాంతిని పట్టుకుంటుంది. ఆ శక్తితో నీరు విడిపోతుంది. నీటిలోని హైడ్రోజన్, గాలి నుంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి చక్కెర అవుతుంది. మిగిలిన ఆక్సిజన్ బయటికి పోతుంది. ఆ ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్‌లోంచి వచ్చిందని చాలామంది పిల్లలు పరీక్షల్లో రాస్తారు. అది నీటిలోనిదే. 1941లో రూబెన్, కామెన్ అనే శాస్త్రవేత్తలు మామూలుకన్నా బరువైన ఆక్సిజన్ పరమాణువులున్న నీటిని వాడి ఈ విషయం చూపించారు.

మరి ఎరువు ఎందుకు? మట్టిలో తగ్గిన ఆ కొద్ది గ్రాముల కోసం. చక్కెర ఒక్కదానితో ఒళ్లు తయారవదు. ప్రోటీన్లకు నైట్రోజన్ కావాలి. పత్రహరితం అణువు నడుమ ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది, అది లేనిదే పచ్చదనమే లేదు. ఇవన్నీ నీళ్లలో కరిగి వేళ్ల మీది మూలకేశాల గుండా లోపలికి వెళ్తాయి. మీ గులాబీ ఆకుల్ని ఒకసారి పరీక్షగా చూడు. కింది ముదురు ఆకులు మొత్తంగా పాలిపోతుంటే నైట్రోజన్ చాలడం లేదేమో. ముదురు ఆకుల్లోనే ఈనెలు పచ్చగా ఉండి నడుమ పసుపు పడితే మెగ్నీషియం మీద అనుమానం. అదే పసుపు లేత ఆకుల్లో కనిపిస్తే ఇనుము. మొక్క నైట్రోజన్‌ను, మెగ్నీషియాన్ని ముదురు ఆకుల్లోంచి తీసి లేత ఆకులకు పంపగలదు, ఇనుమును అంత తేలిగ్గా పంపలేదు. అందుకే ఈ తేడా.

తాతయ్య గారికి ఒక్క మాట చెప్పు. యూరియాలో 46 శాతం నైట్రోజన్ ఉంటుంది. చిన్న కుండీలో అది ఎక్కువైతే మట్టిలోని నీరు చిక్కబడి, ద్రవాభిసరణ వల్ల, అంటే పలుచని వైపు నుంచి చిక్కని వైపుకు నీరు జరగడం వల్ల, వేళ్లలోని నీరే బయటికి వచ్చేస్తుంది. ఆకుల అంచులు మాడతాయి. కుండీకి పేడ ఎరువే మేలు.

తోటకూర ఎర్రగా ఉంటే దానిలో పత్రహరితం లేనట్టేనా? మరి అది ఎలా బతుకుతుంది?
– 6వ తరగతి విద్యార్థి, ఉప్పల్

ఉంది నాన్నా, దాక్కుని ఉంది. ఇంట్లో ఎర్ర తోటకూర వండే రోజు అమ్మనడిగి రెండు ఆకులు తీసుకో. చిన్న స్టీలు గిన్నెలో నీళ్లు పోసి, అమ్మ దగ్గరుండగా ఉడికించు. నీళ్లు గులాబీ రంగులోకి తిరుగుతాయి. కాసేపయ్యాక ఆకు తీసి తెల్ల పళ్లెంలో పెట్టి చూస్తే పచ్చగా కనిపిస్తుంది. ఎరుపునిచ్చే బీటాసయనిన్ నీళ్లలో కరిగిపోతుంది, పత్రహరితం నీళ్లలో కరగదు. క్రోటన్ మొక్కల ఎర్ర ఆకుల్లోనూ ఎరుపు చాటున పత్రహరితం ఉంటుంది, అక్కడి ఎరుపు రంగు వేరే పదార్థానిది.

మనీప్లాంట్ ఆకు మీద ఉండే తెల్లమచ్చల సంగతి వేరు. అక్కడ నిజంగానే పత్రహరితం లేదు. బడి ప్రయోగశాలలో అలాంటి మచ్చల ఆకును స్పిరిట్‌లో ఉడికించి రంగు పోగొట్టి, అయోడిన్ చుక్కలు వేస్తే పచ్చగా ఉన్న మేర నీలి నలుపవుతుంది, తెల్లగా ఉన్న మేర కాదు. నీలి నలుపు వచ్చిన చోట పిండిపదార్థం తయారైనట్టు. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి దాన్ని నేరుగా మంట మీద పెట్టకూడదు. వేడినీళ్ల గిన్నెలో ఉంచి, మీ సైన్సు టీచర్ చూస్తుండగానే చేయండి.

మా ఇంటి ముందు పెద్ద వేపచెట్టు ఉంది. దుకాణం బోర్డు కనిపించడం లేదని ఎవరో రాత్రిపూట దాని మొదలు చుట్టూ జానెడు వెడల్పున బెరడు ఒలిచేశారు. నెల కావస్తోంది, ఆకులు పచ్చగానే ఉన్నాయి. ఏమీ కాదని అందరూ అంటున్నారు. నాకు భయంగా ఉంది. చెట్టు బతుకుతుందా? అసలు చెట్టుకు గుండె లేదు కదా, అంత పైకి నీళ్లు ఎలా ఎక్కుతాయి?
– 8వ తరగతి విద్యార్థిని, తార్నాక

నీ భయం సరైనదేనమ్మా. ఆకులు పచ్చగా ఉన్నాయని ధైర్యపడే రోజులు కావివి. ఈ ఉత్తరం పెద్దవాళ్లకు కూడా చదివి వినిపించు.

చెట్టులో రెండు దారులున్నాయి. కలపలో ఉండే దారువు గుండా నీళ్లు, లవణాలు వేళ్ల నుంచి ఆకులకు ఎక్కుతాయి. బెరడు లోపలి పొరలో ఉండే పోషక కణజాలం గుండా ఆకులు వండిన చక్కెర, వేళ్లకూ కాయలకూ చిగుళ్లకూ వెళ్తుంది. మీ చెట్టుకు ఒలిచింది రెండో దారిని. కలప అలాగే ఉంది కాబట్టి నీళ్లు ఎక్కుతూనే ఉన్నాయి, ఆకులు పచ్చగానే ఉన్నాయి, వంట కూడా జరుగుతోంది. వేళ్లకు మాత్రం ఆ తిండి అందడం లేదు. నిలవ ఉన్న పిండిపదార్థంతో వేళ్లు కొన్నాళ్లు నెట్టుకొస్తాయి. అది అయిపోయాక కొత్త మూలకేశాలు పుట్టవు, నీళ్లు తోడే పని ఆగుతుంది, అప్పుడు ఆకులు వాడిపోతాయి. ఆ రోజు వచ్చేదాకా ఊరంతా చెట్టు బాగానే ఉందంటుంది. బెరడు ఒలిచినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు, అందుకే నాకు కోపం వస్తోంది. గొడ్డలితో నరికితే నలుగురూ అడుగుతారు. ఇలా చంపితే ఎండిపోయిందిలే అనుకుంటారు.

ఒలిచిన చోట పై అంచును వేలితో తడిమి చూడు. అక్కడ బెరడు ఉబ్బినట్టు తగిలితే, కిందికి దిగాల్సిన చక్కెర దారి లేక అక్కడే పోగుపడుతోందని అర్థం. కింది అంచు అలా ఉబ్బదు. 17వ శతాబ్దంలోనే ఇటలీకి చెందిన మార్చెల్లో మాల్పీగి కొమ్మలకు ఇలా వలయంగా బెరడు తీసి, పై అంచు ఉబ్బడం గమనించాడు. ఆహారం బెరడు వైపు నుంచి దిగుతుందనడానికి అది గట్టి ఆధారం.

ఆ దారిలో పారేది ఎంత తియ్యగా ఉంటుందో మన తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచాక చాలామంది పిల్లలు నీరా రుచి చూసి ఉంటారు. తాటి గెల చివర కోసి కుండ కడితే అందులోకి దిగేది పోషక కణజాలంలోని ద్రవమే. పులియకముందు నీరా, పులిశాక కల్లు. తాటిచెట్టులో ఈ నాళాలు మొదలంతా చెదురుగా ఉంటాయి, వేపలో ఉన్నట్టు బెరడు కింద ఒకే పొరగా ఉండవు. అందుకే పైపైన గీకినంత మాత్రాన తాటికి ఈ ఆపద రాదు.

ఇక గుండె సంగతి. బావిలోంచి చేదను తాడుతో పైనుంచి లాగినట్టే, చెట్టులో నీటిని ఆకులు లాగుతాయి. పత్రరంధ్రాల నుంచి నీరు ఆవిరవుతూ ఉంటుంది, దీన్నే బాష్పోత్సేకం అంటాం. ఆవిరైన చోటుకు వెనకనున్న నీరు జరుగుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి ఆ లాగుడు ఆకు నుంచి వేరు దాకా తెగకుండా అందుతుంది. 1894లో డిక్సన్, జాలీ అనే శాస్త్రవేత్తలు ఈ మాట చెప్పారు. దారునాళాలు చచ్చిన కణాలతో ఏర్పడిన సన్నని గొట్టాలు, వాటిలో బతికున్న పదార్థమేదీ ఉండదు. పని చేయించేది ఎండ. కాలిఫోర్నియాలో 115 మీటర్ల ఎత్తున్న రెడ్‌వుడ్ చెట్టు కొన చిగురుకు కూడా నీరు ఇలాగే చేరుతుంది. తెల్లవారుజామున చేమ ఆకు అంచున, గడ్డి కొసల్లో నిలిచే చుక్కలు మాత్రం వేళ్లు కింది నుంచి తోసిన నీళ్లు. ఆ తోపుకు అంత పెద్ద చెట్టును ఎక్కేంత బలం లేదు.

ఇది కళ్లారా చూడాలంటే గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి వచ్చిన తెల్ల చామంతిని కాడతో సహా తెచ్చుకో. కాడ చివరను నీళ్లలో ముంచి ఉంచి, నీళ్లలోనే ఏటవాలుగా కోయి. బయట కోస్తే నాళాల్లోకి గాలి దూరి నీటి వరుస తెగుతుంది. తర్వాత మిఠాయిల్లో వాడే నీలి రంగు బాగా చిక్కగా కలిపిన గ్లాసులో పెట్టు. మర్నాటికి రేకుల అంచుల నుంచి నీలి గీతలు కనిపించడం మొదలవుతుంది. అప్పుడు కాడను అడ్డంగా పలచగా కోసి భూతద్దంలో చూస్తే, రంగు కాడంతా పరుచుకోకుండా చిన్న చిన్న చుక్కలుగా ఒక వలయంలో ఉంటుంది. ఆ చుక్కలే దారువు.

చెట్టును కాపాడే దారి ఒకటుంది. వంతెన అంటు అంటారు. అదే వేపచెట్టు సన్నకొమ్మల్ని కోసి, వాటి రెండు చివరల్నీ చెక్కి, ఒకదాన్ని గాయం కింది బెరడులోకి, ఇంకోదాన్ని పై బెరడులోకి దూర్చి కడతారు. కొమ్మ తలకిందులు కాకూడదు. అంటుకుంటే ఆ కొమ్మల బెరడు గుండా చక్కెర దిగుతుంది. అంట్లు కట్టడం తెలిసిన నర్సరీ మనిషి చేత చేయించాలి, వారాల మీద వారాలు ఆగకూడదు. ఈలోగా ఒలిచిన చోటు ఎండిపోకుండా తడిగుడ్డ, దాని మీద పాలిథిన్ చుట్టండి. పెద్దవాళ్ల చేత అటవీ శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయించు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టడం నేరం. ఒకవేళ పైభాగం పోయినా వేపకు మొదలు నుంచి చిగురు వేసే గుణం ఉంది, కాబట్టి తొందరపడి వేళ్లతో సహా తవ్వించేయకండి.

రాత్రిపూట చింతచెట్టు కింద పడుకుంటే చచ్చిపోతారని మా నానమ్మ అంటుంది. చెట్లు రాత్రి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయని మా అన్నయ్య కూడా అదే అంటున్నాడు. రావిచెట్టు మాత్రం రాత్రి కూడా ఆక్సిజన్ ఇస్తుందట. ఏది నిజం?
– 8వ తరగతి విద్యార్థి, లంగర్‌హౌజ్

బాబూ, మీ అన్నయ్య చెప్పినదాంట్లో సగం నిజం. మొక్కలు రాత్రి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. పగలూ తయారుచేస్తాయి. శ్వాసక్రియకు రాత్రీ పగలూ లేవు. బతికున్న ప్రతి కణం, ఆకుదైనా వేరుదైనా కాయదైనా, చక్కెరను ఆక్సిజన్‌తో విడగొట్టి శక్తి తెచ్చుకుంటూనే ఉండాలి. పగలు ఎండలో కిరణజన్య సంయోగక్రియ, అంటే ఆకులు వెలుగుతో చక్కెర వండే పని, అంతకన్నా చాలా జోరుగా సాగుతుంది కాబట్టి ఆక్సిజనే ఎక్కువగా బయటికి వస్తుంది. “మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ జరుపుతాయి” అని రాసిన జవాబు ఎక్కడ కనిపించినా కొట్టేయాల్సిందే.

అయితే ఆ వాయువు మనిషిని చంపేంత ఉంటుందా? ఒక మనిషి రోజుకు దాదాపు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. నువ్వూ అన్నయ్యా ఒకే గదిలో పడుకుంటున్నారు కదా, అన్నయ్య వల్ల నీకు ప్రమాదం లేదు. ఆరుబయట చెట్టు వదిలింది గాలిలో ఎప్పటికప్పుడు కలిసిపోతుంది. చీకట్లో మొక్కలు గాలిని చెడగొడతాయని మొదట ప్రయోగాలతో చూపిన యాన్ ఇంగెన్‌హౌజ్ కూడా, 1779లోనే, పగలు చేసే మేలు ముందు అది చాలా తక్కువని తేల్చాడు. 1908 సెప్టెంబరులో మూసీకి వరద వచ్చినప్పుడు అఫ్జల్‌గంజ్ దగ్గర ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారని చెబుతారు. ఆ చెట్టు ఇంకా అక్కడ ఉంది. నానమ్మ గారిని ఒకసారి తీసుకెళ్లి చూపించు. వాదన మాత్రం పెట్టుకోకు. చీకట్లో చెట్టు కింద పురుగూ పుట్రా ఉంటాయి, ఎండుకొమ్మ విరిగి పడవచ్చు, ఆ జాగ్రత్త మంచిదే.

రావి మాట నిజం కాదు. ఆక్సిజన్ వచ్చేది కాంతితో నీరు విడిపోయినప్పుడు. కాంతి లేనిదే అది జరగదు, రావికైనా తులసికైనా. కలబంద, నాగజెముడు లాంటివి నీరు పోకుండా పగలు పత్రరంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుని ఆమ్లంగా దాచుకుంటాయి. వాటికైనా ఆక్సిజన్ తయారయ్యేది పగటి వెలుగులోనే.

మొక్క ఊపిరి తీస్తుందని ఎలా నమ్మాలి అంటావా, మొలకెత్తిన పెసలు గుప్పెడు గాజుసీసాలో వేసి బిగుతుగా మూత పెట్టు. సున్నాన్ని నీళ్లలో కలిపి కదపకుండా ఉంచితే పైన తేరుకునే సున్నపు తేటను ఒక చిన్న గిన్నెలో పోసి, మూత పెట్టేముందే సీసాలో దించి ఉంచు. మొలకలు వదిలిన కార్బన్ డయాక్సైడ్ తగిలి పొద్దున్నకు తేట పాలలా తెల్లబడుతుంది. తేటను కళ్లకు తగలనివ్వకు. ఇంకో గుప్పెడు మొలకలు థర్మాస్ ఫ్లాస్కులో వేసి దూదితో మూస్తే రాత్రికి రాత్రి లోపల వెచ్చబడుతుంది. ఉడికించి చల్లార్చిన పెసలతో ఇవే రెండూ చేసి చూడు, తేట అంత తెల్లబడదు, ఫ్లాస్కు వేడెక్కదు. ఆ వేడి శ్వాసక్రియదే.

రోజూ తప్పకుండా నీళ్లు పోస్తున్నా బాల్కనీలోని మందార వాడిపోయింది. మట్టి తడిగానే ఉంది. ఎందుకు?
– 9వ తరగతి విద్యార్థి, మియాపూర్

తడిగా ఉండటమే కారణం కావచ్చు. వేళ్లు మట్టి రేణువుల మధ్యనున్న గాలి నుంచి ఆక్సిజన్ తీసుకుంటాయి. ఆ సందులన్నీ నీళ్లతో నిండితే వేళ్లకు ఊపిరాడదు. శక్తి చాలక లవణాలూ నీరూ తోడుకోలేవు, తర్వాత కుళ్లు పడుతుంది. నీళ్లలో నిలబడి దాహంతో వాడుతోందన్నమాట. కుండీ అడుగు చిల్లు మూసుకుపోయిందేమో పుల్లతో పొడిచి చూడు. మట్టిలో వేలు రెండు కణుపుల దాకా దించి, లోపల పొడిగా తగిలినప్పుడే నీళ్లు పోయి. కుండీ కింద పళ్లెంలో నీరు నిలవనివ్వకు. వేళ్లు ఇంకా తెల్లగా, గట్టిగా ఉంటే మొక్క కోలుకుంటుంది. నల్లగా మెత్తబడినవాటిని కత్తిరించి, ఇసుక కలిపిన కొత్త మట్టిలో నాటు.

వరి నీళ్లలో బతకడం లేదా అని అడుగుతావేమో. వరి కాడలో, వేళ్లలో గాలి గదులుంటాయి, ఆకుల నుంచి ఆక్సిజన్ వాటి గుండా వేళ్లకు దిగుతుంది. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో కొన్ని చెట్ల వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి గాలి పీలుస్తాయి. మందారకు ఆ ఏర్పాట్లేవీ లేవు.

మన నగరంలో ఫుట్‌పాత్ మీది చెట్ల పరిస్థితీ ఇదే. మొదలుకు ఆనించి టైల్స్ పరిచి, సందు లేకుండా సిమెంటు పోస్తారు. వాన ఇంకదు, గాలి ఆడదు. ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించింది. మీ వీధిలో అలాంటి చెట్టు ఉంటే టేపుతో కొలిచి, ఫోటో తీసి, వీధి పేరు రాసి నాకు పంపండి. వార్డు కార్యాలయానికి అర్జీ ఎలా రాయాలో వచ్చే నెల ఇక్కడే చెబుతాను.